వదిన కాలికి తగ్గ క్లచ్చు

మా వదిన పోయిందన్న కబురు నాకు కర్నూల్లో, కంటి ఆసుపత్రి వరండాలో అందింది. కళ్లలో చుక్కల మందు వేసి, పిలిచేదాకా మూసుకొని కూర్చోమన్నారు. జేబులో ఫోను మోగితే తడుముకుంటూ తీశాను. అవతల మా అన్న కొడుకు. "చిన్నాయనా, అమ్మ పోయింది" అన్నాడు. కళ్లు తెరవకూడదన్నారు కాబట్టి మూసుకునే ఉన్నాను. పక్క కుర్చీలో ఎవరో "మందు మండుతాందా పెద్దాయనా?" అని అడిగారు. అవునన్నాను.

తోటలోనే పోయిందట. పొద్దున చెట్లన్నీ తిరిగి, డ్రిప్ మోటారు గది పక్కన నీడలో చాప వేయించుకొని వాలిందట. సంగటి తిందువు రమ్మని కూలికొచ్చిన ఆడమనిషి పిలిస్తే పలకలేదట. ఊరంతా ఒకటే మాట: పుణ్యాత్మురాలు, ఎవరి చేతా ఒక్క పని చేయించుకోకుండా వెళ్లిపోయింది. వినడానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ మాట గొంతుకు అడ్డం పడింది, ఇంకా దిగలేదు. దాన్ని దించుకోవడానికే ఇది రాస్తున్నాననుకోండి.

వేంపల్లెకు బస్సులో వస్తున్నంతసేపూ డ్రైవరు ఎడమకాలినే చూస్తూ కూర్చున్నాను. అయినవాళ్లు పోతే మొహం గుర్తుకు రావాలి, గొంతు గుర్తుకు రావాలి. నాకు మా వదిన ఎడమకాలు గుర్తుకొచ్చింది. అదెందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. వెనక్కి పోవడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతానో నాకే నమ్మకం లేదు. మీరే కొంచెం ఓపిక పట్టాలి.

మా వదినది ఆలూరు వైపు. నల్లరేగడి, వానాధారం. వాన పడితే పంట, పడకపోతే మొగులు వైపు చూస్తూ కూర్చోవడం. కోడలిగా మా ఇంటికొచ్చిన కొత్తలో డబ్బుల్ని దుడ్లు అనేది. మేమంతా నవ్వేవాళ్లం. నేను మరీ ఎక్కువ నవ్వేవాణ్ని, వయసు అలాంటిది. ఆమె మరుసటిరోజు బొరుగులతో ఉగ్గాని చేసి అందరికీ పెట్టి, నా అన్నం తట్ట దగ్గరకొచ్చి, "నవ్వేటోళ్లకు నోరు ఖాళీ ఉండదు గదా అబ్బయ్యా, అందుకని నీకు పెట్టలే" అంది. ఆ తరువాత నేను నవ్వలేదు.

మా బోరుబావి నీళ్లు మొదటిసారి చూసినప్పుడు ఆమె కాలవలో చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయింది. నీళ్లు రోజూ ఇలాగే వస్తాయా అని మా అన్నను అడిగింది. మనం రోజూ వచ్చి చూస్తే వస్తాయని ఆయన ఏదో తమాషాకు అన్నాడు. మా అన్న తమాషాకన్న మాటలన్నీ ఆమె నిజమనే పట్టుకునేది. చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టిన నాటి నుంచి రోజూ పోయింది. కాలు విరిగేదాకా, కాన్పుల సమయం తప్ప నాగా లేదు. "చెట్టుకు నీళ్లు యాడ నుంచైనా పంపొచ్చు. మనిషి మాత్రం తానే రావాల" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఎరువుల కొట్టువాడు ఫోనులోనే తెగుళ్ల మందు చెప్తానన్నప్పుడూ ఇదే, పెళ్లికి ఫోనులో పిలిచిన వాళ్లకూ ఇదే.

ఇక మా అన్నకు బండ్ల పిచ్చి. వేలంలో ఒక పాత జీపు చట్రం కొన్నాడు. దానికి సామాన్ల వ్యాను డీజిల్ ఇంజను దించాడు. గేర్‌బాక్సు మరో బండిది. సీట్లు ఏదో బస్సువి. ఊళ్లో దానికి కలగూరగంప అని పేరు పెట్టారు. ఆ పేరుకు మా అన్న బాధపడలేదు, పైగా నంబరు పలక కింద ఆ మాట రాయిద్దామనుకున్నాడు. వదిన పడనివ్వలేదు. ఆమెకు తోలడం నేర్పింది కూడా ఆ బండి మీదే, నీళ్లులేని పాపాగ్ని ఏట్లో. ఇసుకలో నేర్చుకుంటే రోడ్డు మీద నిద్రపోతూ తోలొచ్చని ఆయన సిద్ధాంతం. ఆయన పోయాక కలగూరగంప ఆమెదైంది. పొద్దున్నే ఆమె ముందు కూర్చుంటే, వెనక కూలి ఆడవాళ్లు, ఎరువు మూటలు, ఒక్కోసారి ఎవరిదో మేకపిల్ల. మా వేంపల్లె బజారులో ఆ బండి పోతుంటే జనం గడియారం చూసుకునేవాళ్లు.

నాకు బండి సామాన్ల అంగడి ఉంది. ఎనిమిదో తరగతితో బడి చాలించి, మిగతా చదువంతా సామాన్ల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు చదివి నేర్చుకున్నాను. అందులో బొమ్మలుంటాయి, బాణం గుర్తులుంటాయి, మాస్టర్లు కొట్టరు. అంగట్లో కూర్చున్నవాడికి బండ్లు బాగుచేయడం కూడా వచ్చని జనం అనుకుంటారు. మందులషాపు వాణ్ని డాక్టరనుకున్నట్టు. నేను కాదనలేదు. కాదంటే బేరం పోతుంది.

ఆమె పడింది డ్రిప్ ఫిల్టరు దగ్గర, నాచు మీద కాలు జారి. ఎడమ తుంటి విరిగింది. కడపలో రాడ్డు వేశారు. నడక వచ్చింది గానీ, ఆ కాలు బరువు మోయదు, ఎక్కువ చాపితే తుంటిలో పోటు. మా అన్న కొడుకు కడపలో కాంట్రాక్టులు చేస్తాడు. తల్లంటే ప్రాణం; కాకపోతే ఆ ప్రాణం ఎప్పుడూ హడావిడిలో ఉంటుంది. ఒక ఆదివారం వచ్చి మంచం పక్కన కూర్చొని, తోట కౌలుకిచ్చేద్దామన్నాడు. అంతకుముందే ఒక డ్రైవర్ని పెట్టి చూశాడు. ఆమె చెట్టుచెట్టు దగ్గరా నిలబడుతుంటే ఆ డ్రైవరు బండిలో కూర్చొని హారన్ కొట్టేవాడట. వారం తిరక్కుండా పంపేసింది.

"అమ్మా, నువ్వు తోటకు పోల్యావు. పోకుండా ఉండల్యావు. కౌలుకిస్తే రెండు బాధలూ తీరతాయి" అన్నాడు.

"నా కాలు బరువెక్కిందా, ఆ క్లచ్చు బరువెక్కిందా, అది ముందు తేల్చుకో నాయనా."

"రెండూ ఒకటే గదమ్మా."

"ఒకటి కాదు. నా కాలును మార్చల్యాము. క్లచ్చును మార్చొచ్చు." అని నా వైపు చూసింది. "ఏమప్పా మరిదీ, మార్చొచ్చునా, మార్చల్యామా?"

నేను కాగితాలు చదివినవాణ్ని. మార్చొచ్చన్నాను. వాడు నావైపు చూసిన చూపు మీకు వర్ణించను. చివరికి ఒక మాట మీద నిలబడ్డారు: దసరా లోపల ఆమె తానే తోలుకుంటూ పోయి రాగలిగితే తోట ఆమెది. లేకపోతే కౌలు కాగితం. కౌలుకు అడిగేవాడు అప్పటికే గేటు దగ్గర రెండుసార్లు తచ్చాడాడు.

క్లచ్చు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఇంజను తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు అప్పుడప్పుడూ ఆగాలి. ఆ రెండూ చేతులు పట్టుకొని ఉంటాయి. పెడల్ తొక్కితే చేతులు విడిపోతాయి, వదిలితే మళ్లీ కలుస్తాయి. సంసారానికి కూడా ఇలాంటి పెడల్ ఒకటి ఉండాలని మా అన్న అనేవాడు, వదినకు వినబడేటట్టుగానే. కలగూరగంపలో తోలేవాళ్లు కూర్చునేది కుడివైపు, పెడల్ కూడా ఆ వైపే. గేర్‌బాక్సు మీద అది లాగాల్సిన కడ్డీ ఎడమవైపు. వేర్వేరు బండ్ల అవయవాలు మరి. మధ్యలో పొగగొట్టం అడ్డం. మా అన్న ఒక వైరును రెండు మలుపులు తిప్పి, పొగగొట్టాన్ని చుట్టి లాక్కొచ్చాడు. మలుపు తిరిగిన ప్రతిచోటా వైరు ఒరుసుకునేది. ఆ పెడల్ తొక్కడమంటే మోట తోలినట్టే.

నా ఆలోచన వైరు తీసేసి నూనెతో నెట్టించడం. పెడల్ దగ్గర ఒక సిలిండరు, గేర్‌బాక్సు దగ్గర ఒకటి, మధ్య సన్న గొట్టం, దాన్నిండా బ్రేకాయిలు. ఇక్కడ తొక్కితే నూనె అక్కడ నెడుతుంది. నూనెకు మలుపులతో పేచీ లేదు. అంగట్లో వాటిని మాస్టరు, స్లేవు అంటాం. వదిన పైబుడ్డి, కిందిబుడ్డి అంది. ఆమె పెట్టిన పేర్లే నిలిచాయి.

చెప్పినంత తేలిక కాదని మొదటి రోజే తెలిసింది. పైబుడ్డి సన్నదైతే పెడల్ తేలికవుతుంది. కానీ అందులోంచి కదిలే నూనె తక్కువ. కిందిబుడ్డి కొంచెమే జరుగుతుంది, క్లచ్చు పూర్తిగా విడవదు. విడవాలంటే ఇంకా లోతుకు తొక్కాలి. లావుది పెడితే కొంచెం తొక్కినా చాలు, కానీ బరువు. బరువు తగ్గితే దూరం పెరుగుతుంది, దూరం తగ్గితే బరువు పెరుగుతుంది. మంచం మీద కాగితం పరిచి ఈ సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది.

"నా కాలు బరువూ మోయల్యాదు, దూరమూ పోల్యాదు. ఇంగ యాడికి పోదాం మరిదీ?"

మధ్యలో దుబారా అయ్యేది ఆపుదామన్నాను. తొక్కిన ప్రతి వెంట్రుకవాసీ కిందిబుడ్డికి చేరితే, సన్న పైబుడ్డితోనే సరిపెట్టుకోవచ్చు. డ్రిప్ వేసిన మనిషికి ఈ మాట వేరేగా చెప్పనక్కర్లేదు. మోటారు దగ్గర పోసిన నీళ్లు చివరి చెట్టుకు చేరాలంటే ఎన్నిచోట్ల కాపలా కాయాలో ఆమెకు తెలుసు.

లేత్ పట్టే భాయ్ ఒకాయన మా అంగడి వెనకే షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన వచ్చి వదిన కాలు కొలిచాడు. నొప్పి లేకుండా పాదం ఎంత లేస్తుంది, ఎంత కిందికి పోతుంది అని చెక్క మీద సుద్దతో గీతలు గీశాడు. ఆ గీతల మధ్యే పెడల్ ఆడాలి. "జాకెట్టు కుట్టే వాళ్లు గూడ ఇంత కొలత తీసుకోరు భాయ్" అని ఆమె అంటే, "జాకెట్టు బిగుతైతే విప్పుకోవచ్చమ్మా, ఇది రోడ్డు మీద విప్పల్యారు" అన్నాడు ఆయన. లోకంలో అన్ని బండ్లకూ మనిషి కాలే సర్దుకుంటుంది. ఒక మనిషి కాలు కొలిచి కుట్టించిన క్లచ్చు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

అన్నీ బిగించాక పెడల్ తొక్కితే పోవాల్సిన దాంట్లో సగం కూడా పోలేదు. నేను బండికిందకు దూరి కిందిబుడ్డిని తిట్టుకుంటుంటే, ఆమె ముందువైపు నిలబడి, బానెట్ ఎత్తి, పైబుడ్డి బిగించిన రేకు మీద అరచెయ్యి పెట్టింది. భాయ్‌ని తొక్కమంది. మళ్లీ తొక్కమంది. తరువాత నన్ను పిలిచింది. తొక్కినప్పుడల్లా రేకు ఆమె అరచేతిలోకి ఉబ్బుతోంది. మా అన్న పలచటి రేకు వేశాడు, బరువు తగ్గుతుందని. మేం తొక్కేది క్లచ్చును కాదు, రేకును. భాయ్ ఒక మందపాటి పట్టీ వేసి కట్టుదిట్టం చేశాడు. ఒక దుబారా పోయింది.

రెండోది గాలి. నూనెలో గాలి బుడగ ఉంటే పెడల్ దూదిలా అణిగిపోతుంది. గొట్టాన్ని పొగగొట్టం పైనుంచి వంతెనలా వేశాం. గాలి పోయి ఆ వంతెన మీద కూర్చుంది. కిందినుంచి వేయమని ఆమె చెప్పింది. తోటలో డ్రిప్ పైపు ఎక్కడ గట్టెక్కితే అక్కడే గాలి చేరుతుందట. ఇక గాలి తీయడం మాత్రం ఇద్దరు మనుషుల పని. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు కింద పడుకొని గాలి పోయే నిప్పల్ వదులు చేసి మళ్లీ బిగించాలి. తన కాలికి చేసే క్లచ్చుకు తానే తొక్కుతానని పట్టుబట్టింది. నేను కింద వెల్లకిలా. "తొక్కినా." "పట్టు." "పట్టినా." "వదులు." ఆ సాయంత్రమంతా ఇవే మాటలు. నా మొహం మీద నూనె చుక్కలు, ఆమె మొహం నాకు కనబడదు. మధ్యలో ఒకసారి ఆమె "పట్టినా" అన్నాక నేను ఆలస్యం చేశాను. అప్పుడు గొంతు కొంచెం వణికింది. మా అన్న పోయాక మేమిద్దరం అంత సేపు మాట్లాడుకున్న రోజు అదే. ఆ మాటలు చూస్తే నాలుగు ముక్కలే.

మూడోది గొట్టం. ఇక్కడే పప్పులో కాలేశాం. ఊగే చోట వేయాల్సిన రబ్బరు గొట్టం నా అంగట్లో లేదు. కర్నూలు నుంచి తెప్పించాలి. దసరా దగ్గరపడుతోంది. వదిన తోట షెడ్డులోంచి తెగుళ్ల మందు కొట్టే మిషను పైపు ముక్క తెచ్చింది. చెట్టంత ఎత్తుకు మందు చిమ్మే పైపు, ఎంత ఒత్తిడైనా ఆపుతుందంది. చీనీ తోటలున్న వాళ్లెవరికైనా ఆ పైపు మీద దేవుడంత నమ్మకం. నాకూ ఉంది. బిగించేశాం. బ్రేకాయిలు ఆ పైపును తినేస్తుందని ఆమె ఎరువుల కొట్టు కాగితాల్లోనూ లేదు, నా డబ్బా కాగితాల్లోనూ లేదు.

బండి కదిలింది. ఆమె తోటకు పోయి వచ్చింది. కొద్ది రోజులయ్యాక నా దగ్గరకొచ్చి, మొహం వెలిగిపోతుండగా, క్లచ్చు ఇంకా తేలికయిందని చెప్పింది. రోజురోజుకూ తేలికవుతోందట. మేమిద్దరం ఎంత సంతోషపడ్డామంటే, భాయ్‌కి కబురు పెట్టి టీ తెప్పించుకున్నాం. తేలికవడం కాదు, పైపు మెత్తబడి బుడగలా ఉబ్బుతోంది. ఆమె కాలి బలమంతా ఆ ఉబ్బులోకి పోతోంది. జబ్బును ఆరోగ్యమనుకొని టీ తాగాం.

మూడు రోజుల తరువాత ఏటి దిగువలో పైపు పగిలింది. ఎదురుగా గొర్రెల మంద. పెడల్ నేలకు అంటుకుపోయింది. బ్రేకు మీద నిలబడి ఇంజను ఆర్పేసింది. గొర్రెలకాపరి కర్ర పట్టుకొని దగ్గరకొచ్చి, "మా గొర్రెలకు చూపు తగ్గిందేమో అనుకుంటి, నీకేనా అమ్మా" అన్నాడట. ఆ మాట నాకు చెప్పి తానే నవ్వింది. నేను నవ్వలేదు. బండి ఎలా ఇంటికి తెచ్చావని అడిగాను.

"క్లచ్చు లేకుండా గూడ తోలొచ్చు మరిదీ. మీ అన్న ఏట్లో నేర్పిచ్చినాడు. ఫస్ట్ గేర్లో పెట్టి తాళం తిప్పితే ఎగిరి పడి కదుల్తాది. గేరు మార్చాలంటే రేస్ వదిలి, ఇంజను గొంతు మారేదాకా కాసుకోవాల."

"ఆగాలంటే?"

"ఆగకుండా పోవాల."

అసలైన గొట్టం తెప్పించి వేశాం. దసరాకు ముందు కొడుకు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. బజారులో సంత రోజు, గాడిదలు, ఆటోలు, పూల బండ్లు. ఆమె ఆపింది, కదిలింది, ఎత్తులో ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలింది. వాడు తోట దగ్గర దిగాక, "సరేమా. కానీ దీనికి ఇంగోసారి ఏమన్నా అయితే నిన్ను అడగను. కౌలుకిచ్చేస్తా" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ ఊపులో ఏముందో అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆ తరువాత ఒక మంచి కాలం నడిచింది. ఆ వేసవిలో ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి కూలి ఆడవాళ్లందరినీ ఎక్కించుకొని తీసుకుపోయింది, నేనూ పోయాను. తిరునాళ్ల రోడ్డు మీద బండి కదిలేది తక్కువ, ఆగేది ఎక్కువ. తొక్కడం, వదలడం, తొక్కడం. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. తిరుగు దారిలో చింత చెట్ల కింద ఆపి ఊరుబిండి పచ్చడితో సంగటి ముద్దలు అందరికీ తానే పెట్టింది. మర్నాడు మంచం దిగలేదని చాలా ఆలస్యంగా తెలిసింది. అడిగితే, రాముడి పెళ్లికి పోయినోళ్లు ఒకరోజు పడుకోవద్దా అంది.

పోవడానికి ముందు కొన్ని నెలలుగా మాత్రం ఆమె నా అంగడి ముందు ఆపడం మానేసింది. ముందంతా ఆపి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, ఊరి సంగతులు తిరగేసి పోయేది. ఇప్పుడు బండి వేగం తగ్గుతుంది, "బాగుండావా మరిదీ" అన్న కేక వినబడుతుంది, బండి పోతుంది. నేను బాగున్నానని చెప్పేసరికి మలుపు తిరిగిపోయేది. ఇంటి దగ్గర కూడా రోడ్డు వాలు వైపే ముఖం పెట్టి నిలిపేది. పొద్దున మునుపటి కన్నా ముందే బయల్దేరేది. కౌలు మాట ఆగిపోయాక మరిది అవసరం తీరిందేమోనని, పెద్దవాణ్నయ్యుండి, చిన్నపిల్లవాడిలా మూతి ముడుచుకున్నాను కొన్నాళ్లు.

దినాలు అయిపోయిన మర్నాడు కొడుకూ నేనూ తోటకు పోయాం. కౌలుకు అడిగేవాడు అప్పటికే గేటు దగ్గర మోటార్‌సైకిలు మీద కూర్చొని ఉన్నాడు. ముందు బండిని ఊళ్లోకి పంపేసి ఆ తరువాత మాట్లాడదామని మా అన్న కొడుకు అన్నాడు. కలగూరగంప మోటారు గది పక్కన, కొంచెం వాలులో, తోటవైపు ముఖం పెట్టి ఉంది. వాడు ఎక్కి కూర్చొని క్లచ్చు తొక్కాడు. పాదం సూటిగా నేలకు తగిలింది.

"చిన్నాయనా, ఇందులో ఏమీ ల్యాదే."

బానెట్ ఎత్తి చూశాను. పైబుడ్డి డబ్బాలో చుక్క లేదు. కిందికి వంగి చూస్తే కిందిబుడ్డి రబ్బరు నుంచి కారిన నూనె మీద దుమ్ము పేరుకొని, ఎండి, పెచ్చు కట్టి ఉంది. ఒకరోజు దుమ్ము కాదు అది. పెడల్ వైపు తిరిగి చూశాను. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంది. క్లచ్చు పెడల్ మీద, వాడి చెప్పు గుర్తు తప్ప, మందంగా ఎర్రదుమ్ము.

సంగటికి పిలవబోయి ఆమెను చూసిన ఆ ఆడమనిషి మా వెనకే నిలబడి ఉంది. అడక్కుండానే చెప్పింది. "అమ్మకు ఆ కాలు లేవక శానా దినాలయిందప్పా. రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకునేది. ఆ క్లచ్చు పనిచేస్తాందో ల్యాదో ఆమెకే పట్టలే."

"మీరు ఎట్ల ఎక్కేటోళ్లు?" అని వాడు అడిగాడు.

"నెమ్మది చేసేది. మేం నడుస్తా నడుస్తా ఎక్కేటోళ్లం. ఎక్కల్యాని ముసలోళ్లను తెల్లారకముందే తన ఇంటి దగ్గరనే బండిలో కూర్చోబెట్టుకునేది. బడి గంట కొట్టకముందే బడి దాటాలనేది."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మరిదికి తెలిస్తే మళ్లీ పైపులు పట్టుకొని కిందికి దూరతాడు, ఈ వయసులో నడుము పడిపోతాది అనేది. ఇంగ తెలిసినా చేసేదేముండాది, కాలుకు గాలి తీయల్యారు గదా అనేది."

ఇక్కడ నేను మీకు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. చెప్పలేను. ఆ రోడ్డు మీద బడి ఉంది, గొర్రెలు తిరుగుతాయి, ఊళ్లో వాళ్ల మనవళ్లు తిరుగుతారు. లేవని కాలితో, లేని క్లచ్చుతో రోజూ పోయిన మనిషిని ధైర్యవంతురాలని రాయడానికి నా చెయ్యి ఆడదు. మూర్ఖురాలని రాయడానికి అసలే ఆడదు. ఎవరి చేతా ఒక్క పని చేయించుకోలేదని ఊరు అంటోంది. నాకు అదే బాధ. చేయించుకోవాల్సింది.

మా అన్న కొడుకు స్టీరింగ్ పట్టుకొని కూర్చునే ఉన్నాడు. గేటు దగ్గర కౌలుకు అడిగేవాడు ఒకసారి హారన్ కొట్టాడు. మా వాడు తల తిప్పలేదు. వాళ్లమ్మ చేసినట్టే గేరు కర్రను ఫస్ట్‌లోకి నెట్టి, తాళం తిప్పాడు. కలగూరగంప ఎగిరి ముందుకు పడింది, ఒకసారి దగ్గింది, పట్టుకుంది, కదిలిపోయింది. వాడి మొహంలో భయం నాకు స్పష్టంగా కనబడింది. కర్నూల్లో వేసిన చుక్కల మందు మసక అప్పటికి పోయింది కదా. బండి చెట్ల వరసల మధ్యకు పోయింది. ఆడవాళ్లు పక్కకు జరిగారు. చివరి వరస చుట్టి, బోరు పక్కనుంచి మళ్లీ మా ముందుకొచ్చింది. ఆపు అని నేను అంటాననుకున్నాడో ఏమో, నా వైపు చూశాడు. ఇంజను ఆర్పే నాబ్ ఎక్కడుందో వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. లాగలేదు. రెండో చుట్టులో వేగం ఇంకా తగ్గించాడు. మూడో చుట్టులో ఒక చెట్టు దగ్గర తల బయటికి పెట్టి, వేళ్ల దగ్గర డ్రిప్ చుక్క పడుతోందా లేదా అని వంగి చూస్తూ పోయాడు. ఆ ఆడమనిషి కొంగు దోపుకొని, పక్కనే నాలుగడుగులు నడిచి, చెయ్యి పట్టుకొని ఎక్కి కూర్చుంది. ఎండ పైకొస్తోంది. గేటు దగ్గరివాడు ఇంకోసారి హారన్ కొట్టాడు. ఎర్రదుమ్ము లేపుకుంటూ బండి మళ్లీ చివరి వరస వైపు తిరిగింది.